గోదావరి డెల్టాలో ధర్మబోధ, శాస్త్రవిద్య, చేతిపని

గోదావరి డెల్టాలో 19వ శతాబ్దం మధ్య నుంచి దాదాపు వందేళ్లపాటు కొత్త చదువులకూ కొత్త పనులకూ దారి చూపినవారిలో ధర్మబోధకులు చాలామందే ఉన్నారు. నరసాపురం ప్రాంతపు క్రైస్తవ మిషనరీలు, రాజమండ్రి, కాకినాడల బ్రహ్మసమాజికులు, మద్రాసు రామకృష్ణ మఠం సాధువులు వేరువేరు మతాలవారు, వేరువేరు మార్గాలవారు. అయినా ముగ్గురి బోధలోనూ ఒక మాట ఉమ్మడిగా కనిపిస్తుంది. భక్తి పూజతో ముగిసిపోకూడదు, తోటివారికి అన్నమో చదువో ఆరోగ్యమో అందించాలి. ఈ మాట డెల్టాలో ఒకచోట ఎగుమతి పరిశ్రమ అయింది, ఒకచోట తెలుగులో శాస్త్ర గ్రంథాలయింది, ఇంకొకచోట ప్రయోగశాలకు బాట అయింది.

పాత నేత, కొత్త కాలువలు

డెల్టాకు పరిశ్రమ కొత్త కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం ఓడలు కట్టే రేవుగా ప్రసిద్ధి. ఐరోపా వర్తకులు సైతం అక్కడ ఓడలు కట్టించుకునేవారు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ కోఠీ ఉండేది. ఆ ఊరి నుంచి వెళ్లిన మెత్తని నూలుబట్టకు ఊరి పేరే స్థిరపడి, ‘మాదపొల్లం’ అనే రూపంలో ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. ఇంజరం, బండమూర్లంకల్లోనూ కంపెనీ కోఠీలు నేతబట్ట కొని సీమకు పంపేవి. కోరంగి రేవులో ఓడల మరమ్మతు సాగేది.

19వ శతాబ్దం వచ్చేసరికి ఈ వైభవం తరిగిపోయింది. లాంకషైర్ మరనేత బట్ట ముందు ఇక్కడి మగ్గం నిలవలేకపోయింది. 1832-33 నాటి నందన కరువు ఊళ్లను ఖాళీ చేసింది. 1839 తుపాను కోరంగిని ముంచెత్తింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా బతుకును మళ్లీ నిలబెట్టింది. అయితే ఆ నిలకడ వ్యవసాయానిది. కాలువల కింద వరి విస్తరించింది. లాకుల తలుపులు, పడవలు, ఇనుప సామాను తయారుచేసే మరామతు శాఖ వర్క్‌షాపు ధవళేశ్వరంలో వెలిసింది. డెల్టాలో ఆధునిక యంత్ర పరిజ్ఞానానికి చాలాకాలం అదే ముఖ్య కేంద్రం. చేతిలో మగ్గం పోయినవారికీ, భూమి లేనివారికీ, ముఖ్యంగా ఆడవాళ్లకూ కాలువ నీరు నేరుగా పని చూపలేదు. ధర్మబోధకుల ప్రయత్నాలు మొదలైంది ఈ ఖాళీలోనే.

నరసాపురం లేసు

ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు 1836లో భార్యలతో కలిసి తెలుగుదేశం చేరారు. వారిని తీసుకువచ్చినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. దంతవైద్యం వదిలి మతప్రచారానికి దిగిన గ్రోవ్స్, బోధకుడు జీతానికి ఆశపడకుండా తన కష్టంతోనూ దేవుడిచ్చినదానితోనూ బతకాలని నమ్మినవాడు. బౌడెన్, బీర్‌లు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి పనిచేశారు. వారి సంఘమే తరవాత గోదావరి డెల్టా మిషన్ అయింది.

మిషన్‌లో చేరినవారిలో మాల, మాదిగ కులాల పేదలే ఎక్కువ. కొత్త మతం పుచ్చుకున్నంతమాత్రాన పూట గడవదు. పాత ఊరి ఆసరా సైతం కొన్నిచోట్ల తెగిపోయేది. ఆడవాళ్లకు ఇంటిపట్టున కూర్చుని చేసుకునే పని ఒకటి చూపించాలని మిషనరీ కుటుంబాల స్త్రీలు తమ దేశంలో నేర్చుకున్న లేసు అల్లికను ఇక్కడ నేర్పారు. దానికి కావలసింది ఒక కొక్కెం సూది, సన్నని నూలుదారం. మగ్గం అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, పెట్టుబడి దాదాపు అక్కర్లేదు. అల్లిన లేసును మిషనరీలు తమ దేశంలోని స్నేహితులకు పంపేవారు. ఆ డబ్బు అల్లినవారికి చేరేది. మొదట్లో ఇది వ్యాపారంకన్నా ధర్మకార్యంలాగే నడిచింది.

20వ శతాబ్దం మొదట్లో స్థానిక వర్తకులు ఎగుమతికి దిగడంతో దీని స్వరూపం మారింది. దారం ఇచ్చి సరుకు తీసుకునే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. పని ముక్కలైంది. పువ్వులు, బిళ్లలు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేసే అతుకుపని ఇంకొకరిది. క్రైస్తవ కుటుంబాల నుంచి ఈ పని కాపు తదితర కులాల ఇళ్లకు పాకింది. గడప దాటకూడదన్న కట్టుబాటు ఉన్న ఇళ్లలో లేసు బాగా ఇమిడింది, ఎందుకంటే దాన్ని అరుగు మీద కూర్చునే అల్లవచ్చు. ఆ సదుపాయమే తరవాత బలహీనత అయింది. ఇంట్లో చేసేది కాబట్టి దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టలేదు. తీరిక వేళ కాలక్షేపమన్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురంలో పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకం ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తూ కూడా ఆ ఆడవాళ్లు ‘గృహిణులు’గానే లెక్కకు వచ్చారని, కూలి అడుగంటడానికి అదే కారణమని ఆమె చూపింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దయతో మొదలైన పని వ్యాపారమైనప్పుడు దయ మొదట చూసుకున్న న్యాయం దానంతటదే వెంట రాదని లేసు చరిత్ర చెబుతుంది.

రాజమండ్రి: తెలుగులో శాస్త్రం

బ్రహ్మసమాజం రాజమండ్రికి చేరింది పుస్తకాలు, ఉపన్యాసాల ద్వారా. కేశవచంద్రసేన్ ప్రసంగాలు కందుకూరి వీరేశలింగం (1848-1919) చేతికి అందించి, ఆయన్ను ఏకేశ్వరోపాసన వైపు తిప్పినవారు ఆత్మూరి లక్ష్మీనరసింహం. దేవుడు ఒక్కడే అయితే, ఆయన సృష్టి నియమాలూ అందరికీ ఒక్కటే. గ్రహణానికి రాహువు కారణమనీ, మశూచికి అమ్మవారు కారణమనీ నమ్ముతూ ఆ ఒక్క దేవుణ్ణి కొలవడం పొసగదు. వీరేశలింగం దృష్టిలో శాస్త్రజ్ఞానం ఆస్తికతకు శత్రువు కాదు, దానికి కావలసిన శుద్ధి.

ఆయన కోరంగిలోనూ ధవళేశ్వరంలోనూ బడిపంతులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల తెరిచారు. అదే ఏడు ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. మొదట మద్రాసులో అచ్చయిన ఆ పత్రిక కోసం తరవాత రాజమండ్రిలోనే అచ్చుకూటం ఏర్పడింది. అక్షరాల పెట్టెలు, చేతి యంత్రం, కంపోజిటర్లు ఉన్న ఆ అచ్చుకూటం సంఘసంస్కరణకు పనిముట్టు, చిన్నపాటి పరిశ్రమ కూడా.

నవలలు, నాటకాలు, ప్రహసనాలు రాసిన చేత్తోనే ఆయన ‘శరీరశాస్త్ర సంగ్రహము’, ‘జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము’, ‘జంతుస్వభావ చరిత్ర’ రాశారు. వీటిలో జ్యోతిశ్శాస్త్రమంటే జాతకం కాదు, ఖగోళశాస్త్రం. రక్తం ఎలా ప్రసరిస్తుందో, గ్రహాలు దేని చుట్టూ తిరుగుతాయో ఇంగ్లీషు రానివాడికీ, బడి మొహం చూడని ఇల్లాలికీ తెలియాలన్నది ఆ పుస్తకాల ఉద్దేశం. ఆయన ‘రాజశేఖర చరిత్ర’లో బంగారం చేసిపెడతానని నమ్మించి ఇల్లుగుల్ల చేసే బైరాగి ఉంటాడు. కాషాయం చూసి తెలివి తాకట్టుపెట్టిన గృహస్థు ఎలా దివాలా తీస్తాడో ఆ కథ చెబుతుంది. శాస్త్రగ్రంథాల్లో విడమరిచి చెప్పిన విషయాన్నే నవలలో కథగా చూపించారు.

ఈ ఉద్యమానికి డబ్బు సమకూర్చినవారిలో వర్తకులు ఉన్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహానికి కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య అండగా నిలిచారు. 1890లో వీరేశలింగం సొంత డబ్బుతో రాజమండ్రిలో పురమందిరం కట్టించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తరవాత తన ఆస్తినంతా దానికి రాసిచ్చారు. ఆయన పెట్టిన పాఠశాలకు ‘ఆస్తిక పాఠశాల’ అని పేరు. భగవంతుడి మీద నమ్మకం, కొత్త చదువు ఒకే కప్పు కింద ఇముడుతాయని ఆ పేరే చెబుతుంది.

కాకినాడ: బ్రహ్మర్షి కళాశాల

రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862-1939) బందరులో పుట్టి మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు. సికిందరాబాదు మహబూబ్ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశాక, 20వ శతాబ్దం మొదటి దశకంలో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల బాధ్యత తీసుకున్నారు. తెల్లని దుస్తులు, ప్రార్థన, భోగంమేళాల మీద నిరసన, మద్యనిషేధం, ‘సాంఘిక శుద్ధి’ ఆయన గుర్తులు. జనం ఆయన్ను బ్రహ్మర్షి అన్నారు.

నాయుడు బోధించింది ఇంగ్లీషు సాహిత్యం. శాస్త్రం ఆయన విషయం కాదు. అయినా డెల్టాలో ఉన్నత విద్య ఎవరికి అందాలన్న ప్రశ్నను ఆయనంత గట్టిగా పట్టించుకున్నవారు అరుదు. పంచముల పిల్లలకు వసతిగృహం, ఫీజులకు సాయం, అనాథ శరణాలయం, కళాశాలలో ఆడపిల్లలకు ప్రవేశం ఆయన పట్టుదలతో సాధ్యమయ్యాయి. ఈ ఖర్చుకు వెనక ఉన్నది పిఠాపురం మహారాజు రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు. ఆయన నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గినవారు. జమీందారీ శిస్తు ఎక్కువగా గుళ్లకూ భోగాలకూ పోయే కాలంలో ఒక జమీందారు ఖజానా కళాశాలకూ శరణాలయానికీ సూర్యరాయాంధ్ర నిఘంటువుకూ తెరుచుకోవడం ఆ సాంగత్య ఫలం. వెంకటరత్నం నాయుడు 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్నారు.

ఓడ మీద మాట

సన్న్యాసి ఒక దేశపు పరిశ్రమనూ శాస్త్రవిద్యనూ ఎలా ప్రభావితం చేయగలడనేదానికి భారతదేశంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ వివేకానందుడిది. 1893 ఫిబ్రవరిలో ఆయన హైదరాబాదు వచ్చి, 13వ తేదీన సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో పాశ్చాత్యదేశ యాత్ర ఉద్దేశాన్ని వివరిస్తూ ప్రసంగించారు. సుమారు వెయ్యిమంది విన్నారు. కొన్నేళ్ల తరవాత వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా వచ్చింది ఆ కళాశాలకే.

అదే ఏడాది జూలైలో జపాన్‌లోని యొకొహామా నుంచి కెనడాలోని వాంకూవర్‌కు వెళ్లే ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ ఓడలో వివేకానందుడితోపాటు జంషెడ్జీ టాటా ప్రయాణించారు. 1898 నవంబరు 23న టాటా ఆయనకు రాసిన ఉత్తరంలో ఆ ప్రయాణాన్ని గుర్తుచేసుకున్నారు. మన దేశంలో పెరుగుతున్న వైరాగ్యభావాన్ని అణచివేయకుండా ఉపయోగపడే పనుల వైపు మళ్లించాలని వివేకానందుడు అప్పుడు అన్న మాటను తలచుకుని, తాను తలపెట్టిన విజ్ఞాన పరిశోధన సంస్థకు ఆ మాట ఎలా వర్తిస్తుందో చెప్పారు. వ్రతనిష్ఠతో బతికే మనుషులు మఠాల్లాంటి నివాసాల్లో ఉండి శాస్త్రాధ్యయనం సాగించాలన్నది ఆయన ఊహ. ఆ ఉద్యమానికి మీరు ముందుండాలని కోరారు. అప్పటికి ఏడాదిన్నర క్రితమే రామకృష్ణ మిషన్ స్థాపించిన వివేకానందుడు ఆ భారం ఎత్తుకోలేకపోయారు. ఆయన అనుయాయుల పత్రిక ‘ప్రబుద్ధ భారత’ మాత్రం 1899లో ఈ పథకాన్ని బలపరిచింది.

వివేకానందుడు 1902లో, టాటా 1904లో కన్నుమూశారు. బెంగుళూరులో మైసూరు సంస్థానం ఇచ్చిన స్థలంలో 1909లో భారతీయ విజ్ఞాన సంస్థకు చట్టబద్ధ రూపం వచ్చింది. 1911లో తరగతులు మొదలయ్యాయి. ఆ సంస్థ పుట్టుకకు టాటా సంపద, మైసూరు భూమి, ప్రభుత్వ అనుమతి అన్నీ కావలసివచ్చాయి. సన్న్యాసి ఇచ్చింది డబ్బూ కాదు, ప్రణాళికా కాదు. ప్రయోగశాలలో కూర్చోవడమూ తపస్సేనన్న భావం ఇచ్చారు. తెలుగునాట ఆ భావం పనిచేసింది ఇంకో రూపంలో.

స్వదేశీ బడి

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటనకు వచ్చారు. ఆయన రాజకీయ నాయకుడే కాదు, బ్రహ్మసమాజ బోధకుడు కూడా. ఆక్స్‌ఫర్డులో మతశాస్త్రం చదివివచ్చినవాడు. ఆయన వెంట నడిచిన ‘కృష్ణాపత్రిక’ సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు బందరులో వెంకటరత్నం నాయుడి శిష్యుడు. రాజమండ్రిలో పాల్ కొన్నాళ్లు ఉండి స్వదేశీ, స్వరాజ్యం, జాతీయ విద్యల మీద ఉపన్యసించారు. ఆ వెంటనే రాజమండ్రి ప్రభుత్వ కళాశాల విద్యార్థుల్లో కలకలం రేగింది. వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వచ్చిన విద్యార్థుల మీద ప్రిన్సిపాలు మార్క్ హంటర్ చర్యలకు దిగారు. ఆ చర్యలతో విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువుకు దూరమయ్యారు.

ఈ ఊపులో పుట్టిన ముఖ్య ఫలం గోదావరి దాటి కృష్ణా తీరాన కనిపించింది. 1910లో కోపల్లె హనుమంతరావు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. సాహిత్యంతోపాటు నేత, వడ్రంగం, యంత్రపని, చిత్రలేఖనం అక్కడి పాఠాలు. గుమాస్తాలను తయారుచేసే చదువు మాని, చేత్తో పనిచేసే చదువు నేర్పాలన్నది దాని ఆశయం. డెల్టా నుంచి విద్యార్థులు ఆ కళాశాలకు వెళ్లారు. అయితే ఆ బడి నుంచి పెద్ద కర్మాగారాలు పుట్టలేదు. ప్రభుత్వ గుర్తింపు లేని పట్టాతో ఉద్యోగం దొరకడం కష్టం. నేర్చిన విద్యతో కార్ఖానా పెట్టడానికి పెట్టుబడి దొరకడం అంతకన్నా కష్టం.

గోదావరి జిల్లాల్లో పెద్ద పరిశ్రమలకు డబ్బు వచ్చింది పొలం నుంచి. ధాన్యం నుంచి రైసుమిల్లులు, చెరకు నుంచి సామర్లకోట చక్కెర కర్మాగారం, 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో స్థాపించిన ఆంధ్ర షుగర్స్ వచ్చాయి. వాటి వెనకున్నది కాలువ, రైతు, మార్కెట్టు. ధర్మబోధకుల ప్రభావాన్ని వెతకవలసింది ఫ్యాక్టరీ లెక్కల్లో కాదు, చదువు వైపు మళ్లిన మనుషుల్లో.

భీమవరం నుంచి ప్రయోగశాలకు

అలా మళ్లినవారిలో పేరెన్నికగన్నవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కుటుంబం పేదది. మెట్రిక్యులేషను గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో మద్రాసు రామకృష్ణ మఠం ఆయన్ను ఆకట్టుకుంది. 1897లో స్వామి రామకృష్ణానంద నెలకొల్పిన ఆ మఠం వివేకానందుడి సేవాభావానికి దక్షిణాదిలో తొలి నెలవు. సుబ్బారావు సన్న్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి వెంకమ్మ ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని మఠం చెప్పింది. వైద్యం చదివితే మిషన్ సేవకే పనికొస్తావని సాధువులు దారి చూపారు. రెండు దశాబ్దాల కిందట ఓడ మీద వివేకానందుడు టాటాకు చెప్పిన సూత్రమే ఒక పేద విద్యార్థి విషయంలో అమలైంది. వైరాగ్యాన్ని ఆపలేదు, మళ్లించారు.

మద్రాసు వైద్య కళాశాలలో ఆయన గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగారు. దాంతో ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలితీసుకుంది. అమెరికా వెళ్లాలన్న కోరికకు మామగారు డబ్బు పోగుచేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఆ ధర్మనిధి డెల్టా నుంచి వెళ్లి రంగూనులో వ్యాపారం చేసి గడించినవాడిది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు సాగిన వలస సొమ్ము ఒక శాస్త్రవేత్త ప్రయాణానికి ఊతమైంది. 1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని 1927లో, జీవకణపు శక్తికి ఆధారమైన ఏటీపీని 1929లో వెల్లడించారు. 1940లో లెడర్లీ ఔషధ కంపెనీకి మారి పరిశోధన విభాగాన్ని నడిపారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ వ్యాధికి అది మందు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ తయారైంది. పిల్లల రక్త క్యాన్సరుకు సిడ్నీ ఫార్బర్ దాన్ని వాడి తొలి ఉపశమనం చూశారు. అదే కుదురుకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. టెట్రాసైక్లిన్ వర్గపు తొలి మందు ఆరియోమైసిన్ బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వచ్చింది ఆ సంస్థ నుంచే. సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలోనే చనిపోయారు.

ఆయన విభాగం నుంచి 1947లో వచ్చిన ఇంకో మందు హెట్రజాన్. దాని రసాయన నామం డైఇథైల్‌కార్బమజీన్, వాడుకలో డీఈసీ. అది ఫైలేరియా క్రిములను చంపుతుంది. దోమలు మురుగునీటిలో పెరిగే గోదావరి జిల్లాల్లో తరతరాలుగా బోదకాలు తెచ్చినవి ఆ క్రిములే. మఠం తలుపు దగ్గర ఆగిపోయిన భీమవరం విద్యార్థి నడిపిన పరిశోధన నుంచి వచ్చిన ఆ మాత్రనే, ఆయన పోయిన దశాబ్దాల తరవాత, బోదకాలు నివారణ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు డెల్టా ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించారు.